నాణ్యతా పురస్కారాలు దేన్ని కొలుస్తాయి? - ఒక విమర్శనాత్మక పరిశీలన

కిందటి భాగంలో మీరు సమగ్ర నాణ్యతా నిర్వహణ సూత్రాలను చదివారు. ఆ సూత్రాలను బాగా అమలు చేసిన సంస్థలకు ఇచ్చే పురస్కారాల విషయంలో పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఒక పట్టికతో సరిపెడతాయి: పేరు, దేశం, ప్రారంభ సంవత్సరం. పరీక్షకు అది చాలవచ్చు. అయితే మీలో చాలామంది ఏదో ఒక కర్మాగారంలోనో కార్యాలయంలోనో పనిచేస్తూ ఈ కోర్సు చదువుతున్నారు. గేటు దగ్గర బిగించిన పురస్కార ఫలకాన్ని చూస్తూ రోజూ షిఫ్టుకు వెళ్లేవారూ ఉండవచ్చు. లోపల జరిగే పని గురించి ఆ ఫలకం నిజంగా ఏం చెబుతుంది? ఈ భాగంలో మనం పరిశీలించే ప్రశ్న ఇదే.

మొదట డెమింగ్ బహుమతిని తీసుకుందాం. 1950లో అమెరికా గణాంక శాస్త్రవేత్త డబ్ల్యు. ఎడ్వర్డ్స్ డెమింగ్, జపాన్ శాస్త్రవేత్తల, ఇంజనీర్ల సంఘం ఆహ్వానంపై గణాంక నాణ్యతా నియంత్రణ గురించి అక్కడ ఉపన్యాసాలు ఇచ్చారు. ఆ ఉపన్యాసాల ముద్రిత ప్రతులపై వచ్చిన రాయల్టీని ఆయన సంఘానికే ఇచ్చివేశారు. ఆ సొమ్ము ఆధారంగా 1951లో బహుమతి ఏర్పడింది. ఇందులో సంస్థల మధ్య పోటీ లేదన్న విషయం గమనించండి. నిర్ణీత ప్రమాణాన్ని అందుకున్న సంస్థలు ఒక ఏడాదిలో ఎన్ని ఉంటే అన్నింటికీ ఇవ్వవచ్చు.

అమెరికా పురస్కారం పుట్టుక వేరు. జపాన్ వస్తువుల పోటీకి తమ పరిశ్రమలు తట్టుకోలేకపోతున్నాయన్న ఆందోళనలో 1987లో అక్కడి కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ఆ ఏడాదే మరణించిన వాణిజ్య శాఖ మంత్రి మాల్కమ్ బాల్డ్రిజ్ పేరు దానికి పెట్టారు. 1988లో మొదటిసారి మోటరోలా, వెస్టింగ్‌హౌస్ అణు ఇంధన విభాగం, గ్లోబ్ మెటలర్జికల్ దాన్ని అందుకున్నాయి. ఏడు అంశాలు, మొత్తం 1000 పాయింట్లు. ఒక్కో వర్గంలో విజేతల సంఖ్యకు చట్టమే పరిమితి పెట్టింది. పరిమితి ఉన్నచోట పోటీ, పోటీ ఉన్నచోట ప్రచారం తప్పవు.

ఇక విమర్శకు వద్దాం. ఫ్లోరిడా పవర్ అండ్ లైట్ అనే విద్యుత్ సంస్థ 1989లో డెమింగ్ బహుమతి పొందింది. జపాన్ బయట దాన్ని గెలిచిన మొదటి సంస్థ అదే. అందుకోసం అది కొన్నేళ్లు శ్రమించింది. బహుమతి వచ్చిన కొద్దికాలానికే కొత్త అధిపతి ఉద్యోగులతో మాట్లాడితే, వారి నోట ఎక్కువగా వినిపించింది కాగితాల పని, లాంఛనాల భారం. ఆయన నాణ్యతా విభాగాన్ని బాగా కుదించివేశారు. హ్యూస్టన్‌లో పైపులు, వాల్వులు సరఫరా చేసే వాలెస్ కంపెనీ కథ ఇంకా కఠినం. 1990లో చిన్న సంస్థల వర్గంలో బాల్డ్రిజ్ పురస్కారం గెలిచింది. 1992 నాటికి దివాలా రక్షణ కోరుతూ కోర్టుకెక్కింది. చమురు రంగంలోని మాంద్యం ఒక కారణం. నాణ్యతా కార్యక్రమాల ఖర్చు ఇంకొకటి. విజేతలు తమ పద్ధతులను ఇతరులకు చెప్పాలన్నది పురస్కారం నియమం కాబట్టి ఉపన్యాసాలకు, సందర్శకులకు పోయిన సమయమూ తక్కువేమీ కాదు.

ఈ రెండు ఉదాహరణలు చూసి పురస్కారాలు వట్టి బూటకం అనుకుంటే తొందరపాటే. వాలెస్ కంపెనీ సరుకును సకాలంలో చేర్చడంలో మెరుగుపడిన మాట నిజం. నాణ్యత ఉన్నంత మాత్రాన మార్కెట్ నిలబడదు, అంతే. పైగా ఆ విమర్శల తరవాత ప్రమాణాలు కూడా మారాయి: 1997 నుంచి 1000లో 450 పాయింట్లను ఫలితాలకే కేటాయించారు.

అసలు లోతైన అభ్యంతరం డెమింగ్‌దే. తన పేరిట బహుమతి నడుస్తున్నా, బాల్డ్రిజ్ పురస్కారాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. ఆయన 14 సూత్రాలను గుర్తు చేసుకోండి. నినాదాలు వద్దు, సంఖ్యా లక్ష్యాలు వద్దు, ఏటా వ్యక్తులకు మార్కులు వేసి వరుస కట్టవద్దు. లోపాల్లో అధికభాగం వ్యవస్థవేగాని కార్మికుడివి కావన్నది ఆయన వాదన. మనుషులకు మార్కులు వద్దన్న వ్యక్తి సంస్థలకు మార్కులు వేయడాన్ని ఎలా ఒప్పుకుంటారు? నా దృష్టిలో ఆయన అభ్యంతరం సగమే సరైనది. బాల్డ్రిజ్‌కు దరఖాస్తు చేసిన ప్రతి సంస్థకూ, గెలిచినా గెలవకపోయినా, పరీక్షకులు వివరమైన అభిప్రాయ నివేదిక ఇస్తారు. పురస్కారంలో విలువైన భాగం అదే. దూరవిద్యలో మీకిది తెలిసిన సంగతే: అసైన్‌మెంట్ మీద వేసిన మార్కుకన్నా మార్జిన్‌లో రాసిన రెండు వాక్యాలే ఎక్కువ ఉపయోగపడతాయి.

మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో రాజీవ్ గాంధీ జాతీయ నాణ్యతా పురస్కారాన్ని ప్రారంభించింది. 1998లో సుందరం క్లేటన్ సంస్థ బ్రేకుల విభాగం డెమింగ్ బహుమతి పొంది, భారతదేశంలో మొదటిదైంది. ఈ పేర్లు పట్టికల్లో దొరుకుతాయి. పట్టికల్లో అంతగా కనిపించని ఘట్టం మనకు దగ్గరలోనే జరిగింది. 1980లో హైదరాబాద్ రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ కర్మాగారంలో దేశంలోనే మొదటి నాణ్యతా వలయం ఏర్పడింది. ఒకేచోట పనిచేసే కొద్దిమంది కార్మికులు స్వచ్ఛందంగా కూర్చుని, తమ పనిలోని చిక్కును తామే ఎంచుకుని, కారణాలు వెతికి, పరిష్కారాన్ని యాజమాన్యం ముందు పెట్టే పద్ధతి ఇది. దీనికి దరఖాస్తు పత్రం అక్కర్లేదు, గడువు తేదీ ఉండదు. ఫ్లోరిడా ఉద్యోగులకు కరువైంది సరిగ్గా ఇదే అనిపిస్తుంది. వారు పరిష్కరించాల్సిన చిక్కును వారి పని కాక పరీక్షకుల రాక నిర్ణయించింది. అయితే వలయాలకూ తరవాత సదస్సులు, శ్రేణులు, ధ్రువపత్రాలు వచ్చాయి. పోటీకి చూపడానికి వీలైన చిక్కునే వలయం ఎంచుకోవడం మొదలైతే, బాల్డ్రిజ్‌పై మనం చేసిన విమర్శ దానికీ వర్తిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీరు పనిచేసే చోటు గాని, మీకు తెలిసిన సంస్థ గాని పొందిన ఒక నాణ్యతా గుర్తింపును తీసుకోండి. తనిఖీ జరిగిన వారంలో మొదలుపెట్టిన రిజిస్టర్లలో ఇప్పటికీ రోజూ రాస్తున్నవి ఏవి, ఆగిపోయినవి ఏవి? ఆగిపోయినవాటికి కారణం ఎవరిని అడిగితే తెలుస్తుంది? పది వాక్యాల్లో రాయండి.