ఒక్క గీత

నెల పట్టిన రోజు మా ఇంట్లో ఒక ప్రకటన చేశాను. ఈ ధనుర్మాసమంతా గుమ్మం ముందు ముగ్గు నేనే పెడతానని. మా ఆవిడ పొయ్యి మీది పాల మీంచి చూపు తిప్పకుండానే, "ముందు పిండి డబ్బా ఎక్కడుందో కనుక్కోండి" అంది.

షరతులు రెండే పెట్టుకున్నాను. ఫోన్లో చూసి దించకూడదు. కాఫీకి ముందే అయిపోవాలి. యాభై నాలుగేళ్ళొచ్చినా, తొక్కకుండా దాటడం తప్ప ముగ్గుతో నాకు వేరే పరిచయం లేదు. చిన్నప్పుడు అక్క పెట్టిన చుక్కలు కాలితో చెరిపి వీపు మీద తిన్నవి లెక్కలోకి వస్తాయంటే అది వేరే సంగతి.

మొదటి వారం గురించి ఎక్కువ రాసి పరువు తీసుకోను. పిండి సంగతి మాత్రం చెప్పాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి దాన్ని జారనివ్వాలి. గట్టిగా నొక్కితే ఆగిపోతుంది, వదిలేస్తే కుప్పపడుతుంది. చెయ్యి ఎంత జోరుగా కదిలితే పిండీ అంత జోరుగా జారాలి. ఒకరోజు తుడిచిన నేల ఆరకముందే మొదలుపెట్టాను. గీత నీళ్ళు తాగి, ఉబ్బి, చారుమరకలా తేలింది. మర్నాడు బాగా ఆరాక పెడితే ఎదురింటి తలుపు తెరుచుకున్న గాలికి సగం లేచిపోయింది. నేలలో కాస్త చెమ్మ ఉండగానే పిండి పట్టుకుంటుందని తెలియడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. వాకిట్లో కళ్ళాపి చల్లి, కాసేపాగి, అప్పుడు ముగ్గుచిప్ప అందుకునే మా అమ్మని ఎన్ని వందల పొద్దుల్లో చూశానో!

అసలు కథ మెలికల ముగ్గుతో మొదలైంది. చుక్కల్ని కలిపేది కాదు, చుక్కల్ని చుట్టేది. గీత చుక్కల మధ్య నుంచి ఏటవాలుగా పోతుంది, అంచుకు రాగానే చివరి చుక్కని చుట్టి వెనక్కి తిరుగుతుంది. అయిదేసి చుక్కలు నాలుగు వరుసలు పెట్టాను. ఎక్కడా తెగకుండా తిరిగి తిరిగి, చుక్కలన్నిటినీ చుట్టేసి, బయల్దేరిన చోటికే వచ్చి కలిసింది. ఆ రోజు కాఫీ రుచే వేరు.

ఆ గర్వంతోనే మర్నాడు నాలుగేసి చుక్కలు నాలుగు వరుసలు పెట్టాను. నిన్నటికంటే చిన్నదే కదా అని. గీత కాస్త దూరం పోయి మూసుకుపోయింది. చుట్టని చుక్కలు ఇంకా బోలెడున్నాయి. ఇంకో గీత, ఇంకోటి, మరోటి. మొత్తం నాలుగు గీతలైతే గానీ పూర్తి కాలేదు. చేతి తప్పేమోనని చెరిపి మళ్ళీ పెట్టాను. మళ్ళీ నాలుగే.

ఆ సాయంత్రం నోటుబుక్కు తీశాను. మూడు రెళ్ళ ముగ్గుకి ఒక గీత. ఆరు నాలుగులకి రెండు. ఆరు మూళ్ళకి మూడు. ఏడు అయిదులకి మళ్ళీ ఒకటి. నాలుగు పేజీలు నిండాక వెలిగింది, అది గ.సా.భా. అని! చుక్కలకీ వరుసలకీ ఉన్న గరిష్ఠ సామాన్య భాజకం ఎంతో, గీతలు అన్ని. ఇదెందుకు పనికొస్తుంది సార్ అని ఏడో తరగతిలో అడిగి బెంచీ ఎక్కినవాణ్ణి నేను. క్యారమ్ బోర్డులో స్ట్రైకర్ని ఏటవాలుగా కొడితే గోడలకి తగిలి తిరుగుతుందే, ఈ గీతదీ అదే నడక. రెండు వైపుల లెక్కలకీ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేకపోతే, అది బోర్డంతా చుట్టి గానీ ఇంటికి రాదు.

కొత్త ఖండం కనిపెట్టినవాడిలా తిరిగాను రెండు రోజులు. తర్వాత చదివితే తెలిసింది, ఆ ఒడ్డున ఎప్పుడో ఊళ్ళున్నాయని. అంగోలాలో చోక్వే జాతి పెద్దలు ఇసుకలో వేళ్ళతో చుక్కలు పెట్టి, కథ చెబుతూ వాటి చుట్టూ ఇలాగే ఆగకుండా గీత తిప్పుతారు. మధ్యలో తడబడితే నామోషీ. వాటి లెక్కలు మొజాంబిక్ గణితవేత్త పౌలస్ గెర్డెస్ తేల్చిపెట్టాడు. మన పక్కనే మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ 1974లోనే కోలాలకి, అంటే తమిళుల ముగ్గులకి, కంప్యూటర్ వ్యాకరణం రాశారు. తెలిశాక కాస్త దిగాలుపడ్డ మాట నిజం. కానీ ఆ నాలుగు పేజీలు నావే కదా.

ఎదురు ఫ్లాటు పిన్నిగారికి నా సిద్ధాంతం వినిపించాను. ఆవిడకి డెబ్భై దాటాయి. సంక్రాంతి ముగ్గుల పుస్తకంలో "7 చుక్కలు, సందు చుక్క, 4 వచ్చే వరకు" అని చదివితే చాలు, ఆ 37 చుక్కలూ లెక్కపెట్టకుండా పెట్టేస్తుంది.

"అయితే నాలుగు నాలుగులకి ఒక్క గీత రాదంటావా బాబూ?" అంది.

"రాదు పిన్నిగారూ. లెక్క ఒప్పుకోదు."

ఆవిడ ఒంగి నా నాలుగు నాలుగుల ముగ్గులో రెండు గీతలు ఒకదాన్నొకటి దాటే చోట వేలితో కాస్త చెరిపింది. చిటికెడు పిండి తీసి, ఆ రెండిటినీ దాటనివ్వకుండా దేని పక్కకి దాన్ని వంచేసింది. ఇంకో రెండు చోట్ల అలాగే చేసింది. "ఇప్పుడు వేలు పెట్టి చూసుకో."

పెట్టి చూశాను. నాలుగు గీతలు ఒక్కటైపోయాయి. వేరు వేరు గీతలు దాటుకునే చోట ఒక్క మలుపు మారిస్తే రెండూ ఒకటవుతాయి. మూడు మలుపులకి నాలుగూ కలిశాయి. ఇది ఎవరు నేర్పారని అడిగితే, నేర్పడమేమిటన్నట్టు చూసి, "చూస్తే తెలియట్లా?" అంది.

కనుమ నాడు రథం ముగ్గు పెట్టాం. మా అపార్టుమెంటు పద్ధతి ప్రకారం మా గుమ్మం రథం తాడూ, ఎదురింటి రథం తాడూ లిఫ్టు దగ్గర కలవాలి. నాది తిన్నగా పోతోందనుకుంటూనే జానెడు పక్కకి జరిగింది. చెరుపుదామని గుడ్డ కోసం లేచాను. ఈలోగా పిన్నిగారు తన తాణ్ణే కొంచెం వంచి తీసుకొచ్చి నాదానికి కలిపేసింది.