పంపు మీద పడే నింద

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ‘లిఫ్ట్’ అనే మాటకు రెండు అర్థాలు స్థిరపడ్డాయి: ఒకటి కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా పథకాల పేర్ల వెంట వినిపించే ఎత్తిపోతల, రెండవది ట్రాక్టర్ వెనుక గొర్రునో రోటవేటర్‌నో లేపి దించే హైడ్రాలిక్ యంత్రాంగం. మొదటిది ఆగితే పత్రికల్లో వార్త అవుతుంది. రెండవది ఆగితే షెడ్డు ముందు రెండే మాటల్లో తీర్పు వెలువడుతుంది: ‘పంపు పోయింది.’

ఈ వారం ఈ శీర్షికకు చిరాకు తెప్పించినవి ఆ రెండు మాటలే. పాతికేళ్లు చాకిరీ చేసిన బండి గొర్రును లేపలేకపోతే, ఆయిలు మట్టం చూడకుండా, లీవరు ఏ స్థానంలో ఉందో అడగకుండా, ఖరీదైన భాగం మీదికి నింద తోసివేయడం నాడి పట్టకుండానే ఆపరేషన్‌కు తేదీ రాసినట్టు ఉంటుంది. ఖర్చులేని పరీక్ష ముందు, ఖరీదైన అనుమానం చివర అన్న నియమాన్ని ఈ శీర్షిక బోరు మోటార్ల విషయంలోనూ స్ప్రేయర్ల విషయంలోనూ విసుగు పుట్టేదాకా వల్లించింది గనుక, పాత పాఠకులు ఈ పేరాను దాటి వెళ్లినా నష్టం లేదు.

హైడ్రాలిక్ లిఫ్ట్‌కు ఆధారమైన సూత్రాన్ని 17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ చెప్పాడు: మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని దిక్కులకూ సమానంగా అందుతుంది. పంపు పుట్టించే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు అనుకుంటే, 7.5 సెంటీమీటర్ల వ్యాసం గల పిస్టన్ మీద దాదాపు 6,600 కిలోల బలం పడుతుంది. అది లివర్ల గుండా ప్రయాణించి గొర్రును పట్టుకున్న చేతులకు చేరేసరికి చాలావరకు తగ్గినా, రోటవేటర్‌ను లేపడానికి సరిపోతుంది. వనపర్తిలో పూర్వపు సంస్థానాధీశుల భవనంలో నడిచే ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఈ లెక్క నల్లబల్ల మీద బోధిస్తారు, రోడ్డు పక్క షెడ్డులో ఇదే లెక్క చేతివేళ్లకు తెలుసు. ఆయిలు, ఫిల్టరు, పంపు, వాల్వు, సిలిండరు అనే ఈ దారిలో ఒత్తిడి ఎక్కడైనా జారిపోవచ్చుననీ, పంపు వాటిలో ఒకటి మాత్రమేననీ రెండు చోట్లా ఒప్పుకుంటారు.

ఈ యంత్రాంగం పుట్టుక తెలిస్తే సగం అనుమానాలు వాటంతట అవే తీరతాయి. ఐర్లాండులో 1884లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ దీనిని రూపొందించినది బరువులు ఎత్తడం కోసమే కాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలంనాటి ట్రాక్టర్లు నాగలిని వెనుక కట్టుకుని ఈడ్చేవి. కర్రు రాతికి తగిలి ఆగిపోతే, ముందుకు పోలేని యంత్రం ముందు చక్రాలు గాలిలోకి లేచి, నడిపేవాడి మీదనే వెనక్కు తిరగబడేది. ఫెర్గూసన్ నాగలిని కింద రెండుచోట్ల, పైన ఒకచోట ట్రాక్టర్‌కు బిగించి, టాప్ లింకు అనే ఆ పై కడ్డీ మీద పడే నెట్టుడు ఒక స్ప్రింగు ద్వారా హైడ్రాలిక్ వాల్వుకు అందేలా చేశాడు. నేల గట్టిపడి లాగుడు పెరిగితే నాగలి దానంతట అదే కాస్త లేస్తుంది, తగ్గితే దిగుతుంది. దీనినే డ్రాఫ్ట్ కంట్రోల్ అంటారు. 1938లో హెన్రీ ఫోర్డుతో ఆయన చేసుకున్న ఒప్పందానికి కాగితం లేదు, కరచాలనమే సాక్ష్యం. దాని ఫలితంగా 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టర్ వచ్చింది, తర్వాత ఆ స్నేహమే కోర్టుకెక్కి 1952లో 92.5 లక్షల డాలర్ల చెల్లింపుతో ముగిసింది. మరుసటి ఏడు ఫెర్గూసన్ సంస్థ మాసీ హారిస్‌లో కలిసింది. 1960లో మద్రాసులో మొదలైన టాఫే ద్వారా ఆ వంశపు బండ్లు పాలమూరు చెలకల దాకా వచ్చాయి.

అయితే కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో ఎద్దులతో దున్నిన తరానికి ఇందులో వింత ఏమీ లేదు. మేడి పట్టి నడిచే రైతు, కర్రు కింద గుండు తగిలిన అదురు అరచేతికి తెలియగానే పట్టు సవరించి కర్రును తప్పించేవాడు. ఫెర్గూసన్ స్ప్రింగు చేసేది ఆ అరచేతి పనే. ఆ చెయ్యి ఇప్పుడు బండిలో ఉందన్న సంగతి మాత్రం, పొజిషన్ లీవరు ఒక్కటే చాలునన్న రోటవేటర్ కాలంలో మరుగున పడింది. పొజిషన్ కంట్రోల్ అంటే లీవరు ఎంత కదిలితే చేతులు అంతే కదలడం. రెండు లీవర్లున్న పాత మాసీ రకాల్లో డ్రాఫ్ట్ లీవరు తన పై స్థానంలో లేకుంటే, పొజిషన్ లీవరును ఎంత లాగినా చేతులు ఆశించినట్టు కదలవు. ఈ ‘రోగం’తో షెడ్డుకు చేరిన బండికి కావలసినది మందు కాదు.

లీవర్లు సరిగానే ఉన్నప్పుడు లక్షణాలు మాట్లాడతాయి. జూరాల ఆయకట్టు మడుల్లో దమ్ము చేసిన బండిలో ఆయిలు పాలు కలిసిన టీ రంగులోకి మారితే, సీళ్ల గుండా నీరు చొరబడిందని అర్థం. గొర్రును పైకి లేపి ఇంజను ఆపగానే అది దిగిపోతుంటే, లోపం పంపులో కాక సిలిండరు సీళ్లలోనో ఒత్తిడిని పట్టి ఉంచే వాల్వులోనో ఉంటుంది. ఇంజను నడుస్తుండగా గొర్రు కొంచెం దిగి, మళ్లీ లేచి, తల ఊపుతున్నట్టు కనిపించినా కారణం అదే: కారిన ఆయిలును పంపు మళ్లీ మళ్లీ నింపుతున్నది, అంటే నింద పడిన పంపు నిజానికి కాపు కాస్తున్నది. అన్నింటికంటె నమ్మదగిన సాక్షి రోహిణి కార్తె ఎండ. ఉదయం చల్లటి, చిక్కటి ఆయిలుతో సులువుగా లేచిన గొర్రు, మధ్యాహ్నం ఆయిలు కాగి పలుచబడ్డాక మొరాయిస్తే, అరిగిన సందుల్లోంచి ఒత్తిడి జారిపోతున్నదని తేలుతుంది. అప్పుడు మాత్రమే, ప్రెషర్ గేజి పెట్టి చూశాక, పంపు మీద ఫిర్యాదు నిలబడుతుంది.

ఇంతవరకు వాదన మేస్త్రీకి వ్యతిరేకంగానే నడిచింది. కాని లిఫ్ట్ పై మూత ఒక మనిషి ఎత్తగల బరువు కాదు. గొలుసు కప్పీ కట్టి లేపాలి, పాత ప్యాకింగు గీకి తీయాలి, తిరిగి బిగించేసరికి ఒక పూట గడుస్తుంది. మృగశిర వాన పడి, పత్తి గింజ చేతిలో పట్టుకుని నిలబడ్డ రైతుకు అదను రోజుల్లోనే లెక్క, గంటల్లో కాదు. ఒక ఓ రింగు మాత్రమే మార్చిన మేస్త్రీ వద్దకు అదే బండి నాలుగో రోజు మళ్లీ వస్తే, ఆ రోగనిర్ధారణ ఎంత శాస్త్రీయమైనా చేను బీడుగానే ఉంటుంది. మూత తెరిచినందుకు సీళ్లన్నీ మార్చి, అనుమానం ఉంటే పంపునూ మార్చేసే అలవాటును అజ్ఞానమని ఈ శీర్షిక గతంలో రాసింది. ఆ మాట వేసవికే వర్తిస్తుంది. దుక్కుల రద్దీలో మేస్త్రీ లెక్కే సరైనది.

అయినా మూత బోల్టు మీద స్పానరు పెట్టే ముందు డ్రాఫ్ట్ లీవరు ఎక్కడుందో చూడడానికి, మృగశిర కార్తెలో కూడా అర నిమిషం మించి పట్టదు.