మూర, ముళం, మొళ

కుప్పం బస్టాండులో మల్లెపూలమ్మే అవ్వ పక్కన పది నిమిషాలు నిలబడి చూడండి. పలమనేరు బస్సు దిగినామె "మూర ఎంతవ్వా?" అంటుంది. కృష్ణగిరి పోయే ఆమె "ముళం ఎవ్వళవు, పాట్టి?" అని అడుగుతుంది. కోలారు నుంచి వచ్చినాయన "మొళ ఎష్టజ్జీ?" అంటాడు. అవ్వ ముగ్గురికీ వాళ్ల మాటలోనే ధర చెబుతుంది. కొలిచే చెయ్యి మాత్రం ఆగదు. మోచేతి నుంచి నడివేలి కొస దాకా అదే కొలత. మూర, ముళం, మొళ ఒక తల్లి పిల్లలే కదా!

మూడు రాష్ట్రాలు కలిసే ఈ మూల ఇది వింత కాదు. మదనపల్లె టమోటా మండీలో తమిళనాడు, కర్ణాటక వ్యాపారులతో బేరం ఎవరి భాషలో సాగితే అందులోనే తెగుతుంది. పుంగనూరులో తెలుగింటి పిల్లలు పక్కింటి ఉర్దూ మాటలు ఆటల్లోనే పట్టేస్తారు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన కోడలు పుట్టింటి భాషను కూడా కాపురానికి తెచ్చుకుంటుంది. దీన్ని ఇక్కడ ఎవరూ విద్య అనుకోరు, బతుకులో భాగం అనుకుంటారు.

ఆ బతుకు మెదడుకు ఎంత మేలు చేస్తుందో లెక్క తీసి చూపిన పరిశోధన తెలుగు నేల మీదే జరిగింది. హైదరాబాదు నిమ్స్‌లో న్యూరాలజీ ప్రొఫెసరుగా ఉన్న డాక్టర్ సువర్ణ అల్లాడి అక్కడి మెమరీ క్లినిక్‌లో ఏళ్ల తరబడి మతిమరుపు జబ్బు (డిమెన్షియా) మనుషుల్ని చూశారు. ముసలితనం వస్తే మతి తప్పడం మామూలేనని ఇళ్లలో సరిపెట్టుకునే రోజుల్లో, అది జబ్బని, అందులో రకాలున్నాయని, ఏ రకమో తేల్చాలని పట్టుబట్టిన పని అది. అల్జీమర్స్ ఒకటి. రక్తనాళాలు దెబ్బతిని వచ్చేది ఇంకొకటి. మెదడు ముందు భాగం కుంచించుకుపోయి, మతికంటే ముందు స్వభావమే మారిపోయేది మరొకటి.

రకం తేల్చాలంటే పరీక్ష కావాలి. కేంబ్రిడ్జిలోని ఆడెన్‌బ్రూక్స్ ఆసుపత్రి పేరుతో 100 మార్కుల పరీక్ష ఒకటుంది. ఈ రోజు తేదీ ఏమిటి, ఒక పేరూ చిరునామా గుర్తుంచుకుని తర్వాత చెప్పగలరా, ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరు అని అడుగుతుంది. దాన్ని తెలుగుకు తగినట్టు మార్చుకుని వాడారు. ఇంగ్లీషు ప్రశ్నను ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే పని జరగదు. ఎన్నడూ పెన్ను పట్టని అవ్వను ఒక వాక్యం రాయమంటే రాయలేదు. ఆ లోటు బడిది. దాన్ని మెదడు మీద రాయకూడదు. ఈ తేడా పట్టుకోవడంలోనే డాక్టరు నేర్పంతా ఉంది. ఇక జబ్బు ఎప్పుడు మొదలైందో చెప్పాల్సింది ఇంటివాళ్లే. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది ఏ పండగకి ముందు, తెలిసిన దారి తప్పింది ఏ ఏడు అని వాళ్లను ఓపికగా అడిగి రాబట్టాలి.

హైదరాబాదు లెక్కకు ముందు, 2007లో, కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది రోగుల వివరాలు చూసి, రెండు భాషల వాళ్లలో జబ్బు సుమారు 4 ఏళ్లు ఆలస్యంగా బయటపడుతోందని చెప్పింది. అక్కడి రెండు భాషల వాళ్లలో ఎక్కువ మంది వలస వచ్చినవాళ్లే కాబట్టి, ఆ మేలు భాషదా, వలస వచ్చిన మనుషుల గట్టిదనానిదా అన్న అనుమానం మిగిలిపోయింది. దానికి జవాబు హైదరాబాదులో దొరికింది. అక్కడ రెండు మూడు భాషలు మాట్లాడటానికి ఎవరూ సముద్రాలు దాటి రానక్కర్లేదు.

సువర్ణ అల్లాడి, ఎడింబరోకు చెందిన థామస్ బాక్, నిమ్స్‌కు చెందిన సుభాష్ కౌల్ తదితరులు 648 మంది రోగుల వివరాలు పరిశీలించి 2013లో 'న్యూరాలజీ' పత్రికలో ప్రచురించారు. ఒక్క భాషే వచ్చిన వాళ్లకంటే రెండు లేదా అంతకు మించి భాషలు వచ్చిన వాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. బడి ముఖం చూడని వాళ్లలో కూడా ఈ తేడా కనిపించింది. అక్కడ అది సుమారు 6 ఏళ్లు! చదువు లేని మనిషి నోటిలోని రెండో భాష ఎంత పెద్ద ఆస్తో చెప్పిన లెక్క ఇది. ఈ బృందమే 2016లో ప్రచురించిన మరో అధ్యయనంలో పక్షవాతం వచ్చిన 608 మందిని చూసినప్పుడు, ఆ తర్వాత ఆలోచనాశక్తి చెదరకుండా నిలిచిన వాళ్లు రెండు భాషల వాళ్లలో సుమారు 40 శాతం, ఒక భాష వాళ్లలో 20 శాతం లోపు తేలారు.

ఇదెలా జరుగుతుంది? రెండు భాషలు తెలిసిన మనిషి నోరు తెరవబోతే లోపల రెండూ లేస్తాయి. 'నీళ్లు' అనబోతుంటే తమిళ 'తణ్ణి' కూడా నాలుక కొసకు వస్తుంది. ఎదుటి ముఖం చూడాలి, ఒకదాన్ని ఆపాలి, రెండోదాన్ని వదలాలి, ఆ మనిషి కదిలిపోగానే మళ్లీ మార్చాలి. పూలవ్వ రోజుకు ఎన్ని వందల సార్లు చేస్తుందో ఆ పని! దృష్టి నిలిపే, అదుపు చేసే మెదడు భాగాలకు ఇది ఏళ్ల తరబడి సాగే కసరత్తు అని శాస్త్రవేత్తలు అంటున్నారు. నిండుగా ఉన్న చెరువు వాన తప్పిన ఏడు కూడా కొన్నాళ్లు మడి తడుపుతుంది. జబ్బు లోపల మొదలైనా, కూడబెట్టుకున్న బలంతో మెదడు ఇంకొన్నాళ్లు నెట్టుకొస్తుందని వాళ్ల వివరణ.

ఉన్నంతే చెప్పాలి. రెండో భాష మందు కాదు, జబ్బును రానీయని కవచమూ కాదు. అన్ని దేశాల అధ్యయనాల్లోనూ ఫలితం ఒకేలా రాలేదు, చర్చ సాగుతూనే ఉంది. హైదరాబాదు లెక్కలో మూడో భాషకు అదనపు మేలు కనిపించలేదు. బీపీ, షుగరు అదుపులో పెట్టుకోవడం, చెవుడు వస్తే మిషను పెట్టుకోవడం, నలుగురిలో మెలగడం ఎప్పటికీ అవసరమే.

మన దేశంలో అరవై దాటిన వాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. నయం చేసే మందు ఇంకా లేదు. అలాంటప్పుడు నాలుగేళ్లు అంటే తక్కువా? మనవరాలి పెళ్లిలో అందర్నీ పేరుపెట్టి పలకరించగలిగిన నాలుగేళ్లు అవి. సువర్ణ అల్లాడి ఇప్పుడు బెంగళూరు నిమ్హాన్స్‌లో పనిచేస్తున్నారు. తెలుగు, కన్నడ సహా ఐదు భాషల్లో మతి పరీక్షలు తయారుచేసిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కృషిలోనూ ఆమె ఉన్నారు. సొంత భాషలో అడిగితేనే ముసలి మనసు నిజం చెబుతుంది మరి.

మనం మాత్రం ఇంటి ఆస్తిని చేజేతులా వదులుకుంటున్నాం. అవ్వ తమిళంలో పిలిస్తే బిడ్డ ఇంగ్లీషులో బదులిస్తోంది, మనం మురిసిపోతున్నాం. ఇంగ్లీషు నేర్వనీయండి, దానికోసం ఇంట్లో ఉన్నది చంపకండి. ద్రావిడ భాషల కోసమే 1997లో విశ్వవిద్యాలయం వెలిసిన ఊరు కుప్పం. ఆ చదువు గేటు దాటి మన గడపలోకి రావాలి. ఈసారి పూలు కొనేటప్పుడు బిడ్డ చేతికి డబ్బులిచ్చి ముందుకు పంపండి. ముళం ఎంతో ఇంట్లో అవ్వ భాషలోనే అడగనీయండి.