ట్రిప్ అయిన డ్రైవ్‌ను చదవడం

సిమెంటు ఫ్యాక్టరీలో పెద్ద ఫ్యాన్‌ని తిప్పే డ్రైవ్ అర్ధరాత్రి ట్రిప్ అయితే షిఫ్టు ఎలక్ట్రీషియన్ చెయ్యి ముందు పోయేది రీసెట్ బటన్ మీదికే. కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే ఎవరైనా అంతే. కానీ షార్టయిన కేబుల్ మీద నాలుగుసార్లు రీసెట్ కొట్టి స్టార్ట్ చేస్తే, డ్రైవ్‌లో అప్పటిదాకా బతికున్న ఐజీబీటీలు, అంటే పవర్ స్విచ్‌లు, కూడా పోవచ్చు. పైగా చిన్న డ్రైవ్‌లకు గుర్తుండేది చివరి కొన్ని ఫాల్టులే. మళ్లీ మళ్లీ ట్రిప్ అయిన కొద్దీ అసలు మొదటి ఫాల్టు జాబితాలోంచి జారిపోతుంది.

లోపల ఏం జరుగుతుందో తెలిస్తేనే డ్రైవ్ చూపే ఫాల్ట్ కోడ్ అర్థమవుతుంది. డ్రైవ్ 415 వోల్టుల త్రీఫేజ్ సప్లయ్‌ని ముందు డీసీగా మారుస్తుంది. కెపాసిటర్ల మీద నిలిచే ఆ వోల్టేజీ సుమారు 585. దాన్ని ఐజీబీటీలు సెకనుకు వేలసార్లు కోసి, కావలసిన ఫ్రీక్వెన్సీలో మోటారుకు పంపుతాయి. డీసీ బస్ వోల్టేజీ, మోటారు కరెంటు, హీట్ సింక్ వేడి: ఫాల్టుల్లో ఎక్కువ భాగం ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

అన్నిటికీ ఒకే తొందర ఉండదు. అవుట్‌పుట్‌లో షార్ట్ సర్క్యూట్ అయితే మామూలు ఐజీబీటీ తట్టుకునేది 10 మైక్రోసెకన్ల దాకా. అంతలో ప్రాసెసర్ ఆలోచించుకుంటూ కూర్చోలేదు గనుక గేట్ డ్రైవర్ సర్క్యూట్ ఎవరినీ అడక్కుండా ఆపేసి, ఆ తర్వాత పైకి కబురు చెబుతుంది. ఓవర్‌లోడ్‌కు అంత కంగారు లేదు. బరువైన పనికి రేట్ చేసిన డ్రైవ్‌లు చాలావరకు 150 శాతం కరెంటును నిమిషం దాకా ఇస్తాయి. ఎంత కరెంటు ఎంతసేపు పోయిందో లెక్కకట్టి, మోటారు ఎంత వేడెక్కి ఉంటుందో అంచనా వేసి ఆపుతాయి. హీట్ సింక్ వేడెక్కితే ముందు వార్నింగ్ ఇస్తాయి. ఆ దశలోనే ప్యానెల్ ఫిల్టర్ మీద పేరుకున్న సిమెంటు దుమ్ము దులిపితే చాలాసార్లు ట్రిప్ దాకా రాదు. మన ఎండాకాలంలో ఇది చిన్న మాటేం కాదు.

కోడ్‌ను బట్టి దెబ్బ ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. ఎందుకు తగిలిందో మనమే వెతుక్కోవాలి. ఇక్కడ మిత్సుబిషి పద్ధతి నాకు భలే నచ్చుతుంది. ఓవర్ కరెంట్ అని ఊరుకోదు: వేగం పెరుగుతుండగా అయితే ఓసీ1, నిలకడగా తిరుగుతుండగా ఓసీ2, తగ్గుతుండగా ఓసీ3. ఓవర్ వోల్టేజీకీ ఇదే వరస. ఆ చివరి అంకె సగం వెతుకులాట తగ్గిస్తుంది.

ఆ ఫ్యాన్‌నే చూడండి. వేగం తగ్గించేటప్పుడు ఓవర్ వోల్టేజీ వచ్చింది. బరువైన ఫ్యాన్ ఊపు మోటారునే జనరేటర్‌గా మారుస్తుంది. ఆ శక్తి డీసీ బస్‌లోకి తిరిగొచ్చి వోల్టేజీని పెంచుతుంది. 800 దరిదాపులకు చేరగానే డ్రైవ్ చేతులెత్తేస్తుంది. పాపం, డ్రైవ్ తప్పేమీ లేదు. ర్యాంప్ టైమ్ పెంచాలి, లేదా బ్రేకింగ్ రెసిస్టర్ పెట్టాలి. అదే ఫాల్టు నిలకడగా తిరుగుతుండగా వస్తే ముందు సప్లయ్‌ని చూడాలి. ఎర్త్ ఫాల్ట్ అయితే ఇన్సులేషన్ చూసే మెగ్గర్ తీయాలి, అదీ మోటారు కేబుల్‌ను డ్రైవ్ నుంచి విప్పాకే. విప్పకుండా పెడితే మెగ్గర్ వోల్టేజీకి డ్రైవే పోవచ్చు. విప్పే ముందు కెపాసిటర్లు డిశ్చార్జి కావడానికి మాన్యువల్ చెప్పినన్ని నిమిషాలు ఆగాలి.

కంపెనీకో కోడ్ అయితే మెయింటెనెన్స్ వాళ్ల గతేమిటి? డ్రైవ్‌లకు ఉమ్మడి ప్రమాణమైన సీఐఏ 402 ప్రొఫైల్ కొంత దారి చూపింది. నాలుగంకెల కోడ్‌లో మొదటిది 2 అయితే కరెంటు, 3 అయితే వోల్టేజీ, 4 అయితే వేడి. 3210 అంటే డీసీ ఓవర్ వోల్టేజీ, 3220 అండర్ వోల్టేజీ. ఏబీబీ ఏసీఎస్880లోనూ ఇవే అంకెలు. సీమెన్స్ సినామిక్స్ ఇదే ఓవర్ వోల్టేజీని ఎఫ్30002 అంటుంది, దాంతోపాటు ట్రిప్ అయినప్పటి డీసీ వోల్టేజీని ఫాల్ట్ వాల్యూగా దాచిపెడుతుంది. కోడ్ రాసుకుని ఆ విలువను వదిలేస్తే సగం సాక్ష్యం పోయినట్టే.

రీసెట్‌కూ ఓ కట్టుబాటు ఉంది. అదే ప్రొఫైల్‌లో, పీఎల్‌సీ పంపే కంట్రోల్ వర్డ్‌లోని 7వ బిట్ 0 నుంచి 1కి మారినప్పుడే రీసెట్ అవుతుంది. బిట్‌ను 1 మీదే వదిలేస్తే రెండోసారి పనిచేయదు. రీసెట్ అయ్యాక కూడా స్టార్ట్ వరస మొదటి నుంచి రావాల్సిందే. డాన్‌ఫాస్ డ్రైవ్‌లైతే తీవ్రమైన ఫాల్టులకు ట్రిప్ లాక్ పెడతాయి, మెయిన్ పవర్ తీసి మళ్లీ ఇస్తే తప్ప రీసెట్‌కు ఒప్పుకోవు. విసుగే అనుకోండి, కానీ పవర్ తీసిన మనిషి ప్యానెల్ లోపల ఓసారి తొంగిచూస్తాడు.

ఆటో రీస్టార్ట్ అనే సౌకర్యం కూడా ఉంది. వోల్టేజీ క్షణకాలం పడి లేచే ఊళ్లలో ఫ్యాన్లకూ పంపులకూ అది వరమే. క్రేన్‌కు మాత్రం పెట్టకూడదు. హుక్‌కు బరువు వేలాడుతుండగా డ్రైవ్ ట్రిప్ అయితే మోటారు పట్టు అప్పటికప్పుడే పోతుంది, మెకానికల్ బ్రేక్ వెంటనే పడాలి. అందుకే ఫాల్ట్ రిలేను తిరగేసి కలుపుతారు: డ్రైవ్ బాగున్నంతసేపు రిలే లాగి ఉంటుంది, ఫాల్టు రాగానే వదిలేస్తుంది. కంట్రోల్ వైరు తెగినా, డ్రైవ్‌కు పవరే పోయినా అంతే. బ్రేక్ కాయిల్‌కు సప్లయ్ ఆగుతుంది, స్ప్రింగు బ్రేకును బిగిస్తుంది.