ఎత్తుమడమల చెప్పులేనా చూసేది?

రామప్ప గుడికి వెళ్లొచ్చినవాళ్లని ఏం చూశారని అడగండి. నీళ్లలో తేలే ఇటుకలు, ఎత్తుమడమల చెప్పులేసుకున్న బొమ్మ - ఈ రెండే చెబుతారు. ఆ రోజుల్లోనే మన ఆడవాళ్లు హైహీల్సు వేసుకున్నారట! అని మురిసిపోతారు. చెప్పులు సరే, వేసుకున్న మనిషి మొహం చూశారా అంటే జవాబుండదు. ఆవిడ వేటకత్తె. అడవిలో తిరిగేదానికి పాదరక్షలు కావాలి కదా, షోకుకా!

పాలంపేటలో ఈ గుడిని 1213లో కాకతి గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. రామప్ప అన్నది శిల్పి పేరని చెప్పుకుంటారు. కట్టించినవాళ్ల పేర్లతో గుళ్లు బోలెడున్నాయి. పనివాడి పేరుతో పిలిచే గుడి ఎన్నని?

గోడలవీ లేత ఎరుపు ఇసుకరాయి. స్తంభాల మీంచి చూరుకి ఏటవాలుగా నిలబెట్టిన మదనికలు మాత్రం నిగనిగలాడే నల్లరాయి. ఆ ఎరుపు మీద ఈ నలుపు - అసలు పనితనమంతా అక్కడుంది. కిందనుంచి తలెత్తి చూస్తే చూరు బరువంతా వాళ్ల నెత్తినే ఉన్నట్టుంటుంది. మొహాల్లో మాత్రం ఆ అలుపు లేదు. ఇంటి బరువు మోస్తూ నవ్వుమొహంతో నిలబడటం మనకి తెలియని విద్యేం కాదనుకోండి! నాగిని అయితే పాముల్ని నగల్లా ధరించి, మనవంక నిర్లక్ష్యంగా చూస్తుంది. ఆ చూపు కోసమే మళ్లీ వెళ్లాలనిపిస్తుంది నాకు.

ఒంటిమీద బట్టల్లేవని ఆడపిల్లల్ని గబగబా లాక్కెళ్లే తల్లుల్ని చూశాను. సిగ్గు ఆ బొమ్మల్లో ఎక్కడా లేదు, మనమే మోసుకెళ్తున్నాం. గర్భగుడి వాకిట వేణుగోపాలుడి శిల్పం దగ్గర ఇంకో గోల. తడితే సరిగమలు పలుకుతాయని వచ్చినవాళ్లంతా తట్టేవాళ్లే. రాయి ఎన్నాళ్లు ఓర్చుకుంటుంది?

నటరాజ రామకృష్ణగారు కూడా ఈ రాళ్లనే చూశారు. జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ చేతబట్టుకుని, భంగిమ భంగిమా పరిశీలించి, మరుగునపడ్డ పేరిణి నాట్యాన్ని మళ్లీ రంగస్థలం ఎక్కించారు. చూడటమంటే అదీ.

ఇంత మెచ్చుకున్నాక ఒక్క ఫిర్యాదు. ఈ మదనికల్లో ఏ ఒక్కరికీ పాతికేళ్లు దాటినట్టుండవు. అందరిదీ ఒకటే నడుము, ఒకటే ఈడు. ముడతలు చెక్కడానికి ఆ చేతులకి రాక కాదు. శిల్పి ఇంట్లో ఒక్క నాయనమ్మయినా ఉండే ఉంటుంది, ఆవిడ మాత్రం చూరు కిందకి రాలేదు.