కొయ్యపై రంగు, శిల్పి పేరు

జానపద శిల్పమును గూర్చి వ్రాయు మనవారిలో ఒక నమ్మిక పాదుకొనియున్నది: జానపద శిల్పి పేరు కోరడనియు, అతని కళ సమష్టి సొత్తనియు. ఈ మాట వినుటకు ఇంపైనదే గాని పరీక్షకు నిలువదని మా యభిప్రాయము.

నార్వే దేశమున కొయ్య సామానులపై లతలను, పూవులను చిత్రించు కళ యొకటి కలదు. దానిని రోజ్‌మాలింగ్ అందురు. పెర్ లిస్నె ఆ దేశమందలి లేర్డాల్‌లో 1880లో జన్మించి ఈ కళ నభ్యసించెను. 1907లో అమెరికాకు వలసపోయి, స్టౌటన్ పట్టణమందలి బండ్ల కర్మాగారమున చేరి బండ్లకు రంగుల గీతలు దీర్చెను. వానివలన అతనికి ఖ్యాతి రాలేదు. బండ్ల పని సన్నగిల్లిన పిమ్మట కొయ్య పళ్లెములపై చిత్రింపసాగెను. అవి గోడల కెక్కినవి. 1947లో మరణించిన ఆ శిల్పి నేటికిని స్మరింపబడుచున్నాడు. బండిపై గీత దీర్చినదియు, పళ్లెముపై పూవు దిద్దినదియు ఒక్క చేయియే.

చేర్యాల నకాషీల చరిత్రయు నిట్టిదే. కాకిపడగలవారు, కూనపులివారు మున్నగు కథకులకు వారు కులపురాణ పటములు వ్రాసియిచ్చెడివారు. తెల్లపొణికి కొయ్యతోను, రంపపుపొట్టు, చింతగింజల జిగురులతోను బొమ్మలు చేసెడివారు. పటము జీర్ణింపగా నదిలో విడుచుట ఆచారము. గోడల కెక్కు చిన్న పటములు వెలువడిన తరువాతనే ధనాలకోట వంశమువారి పేరు లోకమునకు బాగుగా తెలిసినది. కావున పేరు లేమికి హేతువు శిల్పి వైరాగ్యము గాదు. వస్తువు వాడుకలో అరిగిపోవుటయే.

ఈ దృష్టితో తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతముల ఆలయములందలి కొయ్య వాహనములను చూడవలెను. గరుడ, హనుమంత, శేష వాహనములు ఊరేగుటకై చేయబడినవి. ఎండకు, మోతకు వన్నె తగ్గగా వానికి కొత్త రంగు వేయింతురు. ఒక్కొక్క పూత వెనుకటి చేతిని కప్పివేయును. గరుడుని కనుబొమ్మ వంపు, రెక్క యీకల వరుస, కొయ్య యతుకు, ఇవియే ఆ శిల్పి చేవ్రాళ్లు.

రంగు వేయుట మానవలెనని కొందరు వాదింతురు. మేము దాని నంగీకరింపము. ఊరేగని వాహనము వాహనము గాదు. కొత్త పూతకు ముందు పాత పూతల ఛాయాచిత్రములు తీయించి, పని చేసిన వడ్రంగుల, చిత్రకారుల పేళ్లను వారి యింటివారి నడిగి వ్రాసియుంచుట చాలును. కవి కాలనిర్ణయమునకై తాళపత్రములు వెదకు మనము, పక్కవీధి శిల్పి పేరడుగుటకు బద్ధకించి, దానికి సమష్టి కళయని పేరిడుట న్యాయము గాదు.