పీకు క్రింది గీత

మూడు దిక్కుల ఆంధ్రదేశము చుట్టుకొనియుండగా, పరిపాలనలో కర్ణాటకమునకును నోటిమాటలో తెలుగునకును చెందియున్న మా పావగడ తాలూకాలో, ఎర్రనేలలను నమ్ముకొని బ్రదుకు రైతునకు శెనక్కాయకు మించిన ఆధారము చిరకాలముగా లేదు. మా మంగళవాడలోను అంతే. వాన పడినయేట ఆ పంట ఇంటిల్లిపాదికి తిండియై, పశువులకు మేతయై, మిల్లులో నూనెయై, మిగిలినది మండీకి పోయి రొక్కమై తిరిగివచ్చును; వాన పడనియేట అప్పుగా మిగులును. ఇంత కష్టపడి పండించిన గింజ దూరదేశమునకు పోవునప్పుడు, అది తినదగినదా కాదా యను నిర్ణయము, ఎక్కడనో చల్లని గదిలో కంప్యూటరు తెరమీద శిఖరమువలె లేచిన ఒక చిన్న పీకును బట్టియు, దాని క్రింద ఎవరో గీసిన గీతను బట్టియు జరుగుచున్నదని మా ఊరి రైతులలో ఎరిగినవారు తక్కువ. ఆహారపదార్థములను పరీక్షించు ప్రయోగశాలలో చాలకాలము ఆ గీతలు చూచుచు గడపినవాడను గనుక, అణువుల బరువును తూచు మాస్ స్పెక్ట్రోమీటరు ఇచ్చిన సమాచారమును సాఫ్ట్‌వేరులో పరిశీలించు విద్యను గూర్చి ఈ వారము వ్రాయబూనితిని. రసాయనశాస్త్రము చదివి బెంగళూరు, హైదరాబాదు ప్రయోగశాలలలో చేరు మన పిల్లలకు యంత్రము నడపుట నేర్పువారు దొరకుదురు. తెరమీది బొమ్మను చదువుట నేర్పువారు అరుదు.

శెనక్కాయకు ఈ పరీక్ష వచ్చిన కథ 1960లో మొదలైనది. ఆ యేడు ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు కారణము తెలియని వ్యాధితో చచ్చిపోయెను. వెదకి చూడగా దోషము వానికి మేపిన వేరుశనగ చెక్కలో ఉన్నదనియు, ఆ చెక్కకు పట్టిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు ఒక విషమును పుట్టించుచున్నదనియు తేలినది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. అతినీలలోహిత కాంతి క్రింద నీలముగా మెరయువానిని బి1, బి2 అనియు, ఆకుపచ్చగా మెరయువానిని జి1, జి2 అనియు పిలిచిరి. నాలుగింటిలోను బి1 మిక్కిలి ప్రమాదకరమైనది. కాలేయమునకు హాని చేసి కేన్సరునకు దారితీయు గుణము దానికి కలదు. కాయ ఊరు దశలో బెట్ట తగిలి నేల కాగిపోయినపుడు ఈ బూజు గింజలోనికి చొచ్చుకొనిపోవును. కోసిన తరువాత వామి తడిసినను పెరుగును. కావున అనంతపురము, పావగడ వంటి బెట్టసీమలకు ఇది పరాయి సమస్య కాజాలదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు దీనిపై ఏండ్ల తరబడి శ్రమించుటకు కారణమును ఇదియే. నేరుగా తినుటకు ఉద్దేశించిన వేరుశనగలో బి1 కిలోకు 2 మైక్రోగ్రాములును, నాలుగును కలిపి 4 మైక్రోగ్రాములును మించరాదని ఐరోపా సమాఖ్య హద్దు పెట్టినది. 2 మైక్రోగ్రాములనగా, వేయి టన్నుల గింజలలో 2 గ్రాములు.

అంత స్వల్పమును పట్టగల యంత్రము ఒక్కనాటిలో పుట్టినది కాదు. కేంబ్రిడ్జిలో జె. జె. థామ్సన్ నియాను వాయువులో 20, 22 అను రెండు బరువుల పరమాణువులున్నవని కనుగొనుటయు, ఆయన శిష్యుడు ఆస్టన్ 1919లో ద్రవ్యరాశులను మరింత నిశితముగా వేరుచేయు పరికరమును నిర్మించి 1922లో నోబెల్ బహుమానము నందుటయు ఆరంభము. ద్రవములో కరగియున్న పెద్ద అణువులను చెదరగొట్టకుండ విద్యుదావేశముతో ఆవిరిలోనికి ఎగయజేయు ఉపాయమునకు గాను జాన్ ఫెన్ 2002లో అదే బహుమానమును పంచుకొనెను. ఆ ఉపాయము వలననే నేడు గింజనుండి తీసిన రసమును సన్నని గొట్టము గుండ పంపి, అందలి పదార్థములను ఒకదాని తరువాత ఒకటిగా వేరుచేసి, ఒక్కొక్కదానిని తూచగలుగుచున్నాము. బి1 అణువు ఒక ప్రోటానును గ్రహించి 313 అను సంఖ్యవద్ద కనబడును. దానిని విరుగగొట్టినచో 285, 241 అను తునకలు వచ్చును. యంత్రము ఈ జతలను మాత్రమే కనిపెట్టి చూచుచుండును. ఇక సాఫ్ట్‌వేరు పని, ఆ తునకలు ఏ నిమిషమున ఎంత వచ్చినవో గీసి చూపి, పీకు వైశాల్యమును కొలిచి, అంకెగా మార్చుట.

ఇచ్చటనే నా మొదటి మాట. కంపెనీ ఏదైనను, అది మాస్‌హంటరు కానిండు, టార్గెట్‌లింక్స్ కానిండు, ల్యాబ్‌సొల్యూషన్స్ కానిండు, నమూనాలన్నియు పరుగెత్తిన తరువాత సాఫ్ట్‌వేరు ముందుగా మన ముందుంచునది అంకెల పట్టిక. ఆ పట్టికను మూసివేసి మొదట ఆ పీకుల బొమ్మలైన క్రొమాటోగ్రాములను చూడవలెను. అంకె కంటబడిన పిమ్మట కన్ను నిష్పక్షపాతముగా ఉండదు. 1.8 అని చూచినవాడు పీకును చూచి బాగున్నదనుకొనును, 2.3 అని చూచినవాడు అదే పీకులో లోపములు వెదకును. విషము కలుపని బ్లాంకు, తెలిసిన మోతాదుల స్టాండర్డులు, మరల బ్లాంకు, ఆపైన నమూనాలు, ఈ వరుసలో బొమ్మలను చూచుకొనిపోవుట మేలు. అన్నిటికంటె గాఢమైన స్టాండర్డు తరువాత వచ్చిన బ్లాంకులో ఏమైనను మిగిలియున్నచో, ఆ దినమున తక్కువ అంకెలు వేటిని నమ్మవచ్చునో అక్కడనే తెలిసిపోవును.

ఒక పీకును దగ్గరగా చూపెదను. బి2 అణువు బి1 కంటె రెండు హైడ్రోజనులు ఎక్కువ గలది గనుక 315 వద్ద పట్టుబడును. అయితే బి1లో పదునేడు కార్బనులున్నవి. ప్రకృతిలో నూటికి ఒకటి చొప్పున ఉండు బరువైన కార్బను, అంతకంటెను అరుదైన బరువు ఆక్సిజను కలియుటచేత, బి1 అణువులలో నూటికి రెండు మూడు తామును 315 వద్దనే కనబడును. కొంత మొరటుగా తూచు యంత్రమునకు ఈ రెంటికిని భేదము తెలియదు. కనుక బి1 మెండుగా ఉన్న నమూనాలో, బి2 కొరకు పెట్టిన కిటికీలో రెండు పీకులు లేచును: ముందు వచ్చునది నిజమైన బి2, వెనుక వచ్చునది బి1 ఛాయ. సాఫ్ట్‌వేరులో కాలపు కిటికీని వెడల్పుగా వదలి, అందు పెద్ద పీకును ఎన్నుకొమ్మని ఆజ్ఞ యిచ్చియున్నచో, అది ఛాయను పట్టుకొని దానినే బి2 అని వ్రాయును. మొత్తము లెక్క పెరిగిపోవును. సరకు తిరస్కృతమైనను ఆశ్చర్యము లేదు. ఆ కాలపు (రిటెన్షన్ టైము) కిటికీని ఇరుకు చేసి, పెద్ద పీకునకు బదులు అనుకొన్న కాలమునకు దగ్గరి పీకును ఎన్నుకొను సెట్టింగు పెట్టినచో ఈ ప్రమాదము తప్పును. మెనూలో ఇది రెండు గడుల పని. కాని ఆ రెండు గడులను ఎందుకు మార్చవలెనో తెలియుటకు బి1 దేహనిర్మాణము తెలిసియుండవలెను.

తునకల నిష్పత్తిని గూర్చియు ఒక మాట. 285, 241 తునకల వైశాల్యముల నిష్పత్తి స్టాండర్డులో ఎంత ఉన్నదో నమూనాలోను ఇంచుమించు అంతే ఉండవలెను. నూటికి ముప్పది వంతుల లోపల భేదమును ఐరోపా మార్గదర్శకములు ఒప్పుకొనును. నిష్పత్తి తప్పిన నమూనాకు సాఫ్ట్‌వేరు ఎర్రజెండా చూపును. దానిని తుడిపివేయు బొత్తాము ప్రక్కనే ఉండును. ఆ బొత్తామును ముట్టక, రెండు తునకల బొమ్మలను ఒకదానిపై నొకటి పరచి, ఏ భుజమువద్ద వంకర వచ్చినదో చూచినచో, మరియొక పదార్థము చొరబడియుండుట సాధారణముగా కంటికే కనబడును.

ఇక గీత. దీనిని గూర్చి నాకు గల పట్టుదల మిత్రులకు తెలిసినదే. పీకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో సాఫ్ట్‌వేరు తనంతట నిర్ణయించును. అది సరిగా లేదనిపించినపుడు మౌసుతో గీతను మార్చుటకు మనకు అధికారము కలదు. రెండు పొలముల నడుమ గట్టు జేనెడు జరిగినను ఒకని నేల మరియొకనిది యగునట్లు, ఒరసికొనియున్న రెండు పీకుల నడుమ గీత ఇసుమంత జరిగినను ఒకదాని వైశాల్యము రెండవదానిలో కలిసిపోవును. పెద్ద పీకులకు దీనివలన వచ్చు లోటు అల్పము. హద్దు 2 వద్ద ఉండగా, తోకను కలుపుకొనినచో 2.1, విడిచినచో 1.9 వచ్చు నమూనా విషయములో మాత్రము, గీత గీసినవాడే తీర్పరి యగుచున్నాడు. కావున నియమము ముందుగా వ్రాసిపెట్టుకొనవలెను: తోకను ఎంతవరకు కలుపవలెను, ఒరసిన పీకులను నిలువుగీతతో విడదీయవలెనా, ఏటవాలుగా చెక్కవలెనా, ఎంత స్మూతింగు చేయవలెను. ఆ నియమమునే స్టాండర్డులకును నమూనాలకును సమముగా వర్తింపజేయవలెను. స్టాండర్డులను యంత్రమునకు వదలి, నమూనాలను మాత్రము చేతితో దిద్దువారిని చూచితిని. అది లెక్కను చెరచు పని. నమూనాల పేర్లు కనబడనీయక కేవలము సంఖ్యలతో ఈ పని చేయుట ఇంకను శ్రేయస్కరము. చేతితో మార్చిన ప్రతి గీతకును కారణమును అప్పుడే, మార్పులను నమోదు చేయు ఆడిట్ ట్రయలులో వ్రాయవలెను. “పీకు సరిదిద్దబడినది” అని వ్రాసినంత మాత్రమున కారణము వ్రాసినట్లు కాదు; “వెనుక భుజము 241లో లేదు, కనుక విడువబడినది” అనునట్లు వ్రాసినచో, ఆరు నెలల తరువాత మరియొకరు దానిని తెరచి ఒప్పుకొనుటకో కాదనుటకో వీలగును.

పీకు వైశాల్యమును మోతాదుగా మార్చు క్యాలిబ్రేషను గీత వేరొకటి. దానిని చాలమంది, అది బిందువులకు ఎంత చక్కగా అతికినదో చెప్పు ఒక్క సంఖ్యను చూచి వదలివేయుదురు: 0.99 పైన ఉన్నదా, చాలునందురు. 0.5 మొదలు 50 వరకు స్టాండర్డులు పెట్టినామనుకొందము. 50 వద్ద నూటికి రెండు వంతుల పొరపాటనగా 1 యూనిట్. అది అట్టడుగు స్టాండర్డునకు రెట్టింపు. భారము సమముగా పంచినపుడు గీత పై బిందువును తృప్తిపరచుటకై క్రింది బిందువులను లెక్కచేయక పోవును. మనకు కావలసిన 2 అను హద్దు క్రిందనే ఉన్నది. కావున ఒకటి బై ఎక్స్ అను వెయిటింగును ఎన్నుకొని, ప్రతి స్టాండర్డును ఆ గీతమీద మరల లెక్కించి, అసలు విలువకు ఎంత దూరమున నున్నదో చూడవలెను. గీత అందముకంటె ఈ తిరుగులెక్క ప్రధానము.

శెనక్కాయ సగమునకు దగ్గరగా నూనె గల గింజ. ఎంత శుద్ధి చేసినను ఆ రసమునందలి ఇతర పదార్థములు విద్యుదావేశమునకై పోటీపడి బి1 పీకును కుదించును. దీనికి విరుగుడుగా, పదునేడు కార్బనులును బరువైనవే యగు బి1ను కొలిచి కలుపుదురు. అది 330 వద్ద కనబడును, అసలుదానితో పాటే కుదించుకొనిపోవును గనుక నిష్పత్తి చెడదు. సాఫ్ట్‌వేరు నిష్పత్తిని తానే కట్టును. అయినను ఆ తోడు పదార్థపు వైశాల్యములను మొదటి నమూనానుండి కడపటిదానివరకు ఒక్క గ్రాఫుగా వేసి చూచు అలవాటు చేసికొనవలెను. మెల్లమెల్లగా దిగిపోవుచున్నచో యంత్రపు ముఖద్వారము మురికిపట్టినదని అర్థము. ఒక్కచోట మాత్రమే పడిపోయినచో ఆ నమూనాలో ఏదో ప్రత్యేకత ఉన్నది, లేదా కలుపుటలో చేయి తప్పినది.

ఇంత చెప్పిన తరువాత సాఫ్ట్‌వేరు తీర్చలేని లోటొకటి చెప్పక తప్పదు. విషము బస్తాలో సమముగా వ్యాపించి ఉండదు. వేల గింజలలో బూజుపట్టినవి కొన్నియే ఉండి, ఆ కొన్నిటిలోనే విషమంతయు ఉండవచ్చును. అందుచేతనే ఐరోపా నిబంధనలు పెద్ద సరకునుండి నూరుచోట్ల తీసి 20 కిలోల నమూనాను కూర్చుమనును. బస్తా పైనుండి తీసిన గుప్పెడు గింజలను ఎంత గొప్ప యంత్రముతో తూచినను, వచ్చు అంకె ఆ గుప్పెడునకే చెల్లును. మా తాలూకాలో ఏండ్లుగా జనమును పీడించుచున్న నీటి ఫ్లోరైడు సంగతి వేరు. నీటిలో అది సమముగా కరగి ఉండును, చవకయైన ఎలక్ట్రోడుతో కొలువవచ్చును, దానికి ఇంత సంభారము అక్కరలేదు.

నేర్చుకొనదలచిన విద్యార్థికి కోట్ల విలువగల యంత్రము ముందుండనక్కరలేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయములోని మెక్‌కాస్ ప్రయోగశాలవారు స్కైలైన్ అను సాఫ్ట్‌వేరును ఉచితముగా ఇచ్చుచున్నారు. ఎమ్‌జడ్‌మైన్ అనునదియు ఉచితమే. ఒక్కొక్క కంపెనీ యంత్రము తన సొంత రూపములో దాచు ఫైళ్లను ఎమ్మెస్‌కన్వర్ట్ అను పనిముట్టు ఎమ్‌జెడ్‌ఎమ్‌ఎల్ అను బహిరంగ రూపమునకు మార్చును. అట్లు మార్చిన ప్రతిమీదనే అభ్యాసము చేయవలెను. యంత్రము వ్రాసిన మూలపు ఫైలును చదువుట తప్ప మరేమియు చేయరాదు, దాని నకలు వేరొకచోట ఉండవలెను. ప్రాసెసింగు మెథడును మార్చిన ప్రతిసారియు క్రొత్త పేరుతో, తేదీతో దాచవలెను. హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ వంటి చోట ఈ విద్యలో తలపండినవారు ఉన్నారు. అచ్చటికి పోగలిగినవారు ధన్యులు. పోలేనివారు ఒక బ్యాచి ఫైళ్లను తెచ్చుకొని, పీకులన్నిటికిని చేతితో గీతలు గీసి, వైశాల్యములను దాచి, పదిదినములు గడచిన పిమ్మట మునుపటివి చూడకుండ మరల గీయవలెను. రెండు వరుసలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, ఏ పీకులవద్ద తమ చేయి నిలుకడగా లేదో తేటపడును. ఆ పీకుల బొమ్మలను అచ్చు తీసికొని, వ్రాతనియమమును ముందు పెట్టుకొని, తోక ఎచట ముగియునో ఒక్కొక్కదానిని పరీక్షింపవలెను.